జతిస్వరాన్ని గోడమీద మొజాయిక్‌గా పేర్చడం ఎలా? స్వరానికొక రంగు ఇస్తే సరిపోతుందా?

గోదావరి వీణ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో మా ఇంట్లోనే పిల్లలకు వీణ నేర్పుతున్నాను. నిరుడు మోహన రాగంలో, ఆది తాళంలో ఒక జతిస్వరం కూర్చాను. దానికి సాహిత్యం లేదు కాబట్టి పిల్లల దృష్టి స్వరం మీద, తాళం మీద మాత్రమే నిలుస్తుందని అలా చేశాను. పాఠం జరిగే గది బయట వసారాలో ఒక గోడ ఖాళీగా ఉంది. దాని పొడవు 8 అడుగులు, ఎత్తు 4 అడుగులు. ఆ గోడ మీద ఈ రచన మొత్తాన్ని రంగు టైల్స్ ముక్కలతో పేర్చాలని, ఆ పనిలో పిల్లలను కూడా కలుపుకోవాలని నా కోరిక.

లెక్క మాత్రం చక్కగా కుదిరింది. ఆది తాళంలో ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 8 అక్షరాలు, అక్షరానికి నాలుగేసి మాత్రలు, అంటే వరుసకు 32 గడులు. ఒక్కొక్క గడి 3 అంగుళాలైతే 96 అంగుళాలు, సరిగ్గా గోడ పొడవే. పల్లవికి 4 ఆవర్తనాలు, మూడు చరణాలకు నాలుగేసి, మొత్తం 16 వరుసలు. అవి 48 అంగుళాల ఎత్తులో ఇముడుతాయి. మోహనలో ఉన్నవి ఐదు స్వరాలు కాబట్టి ఐదు రంగులు తీసుకున్నాను: షడ్జమానికి తెలుపు, రిషభానికి పసుపు, గాంధారానికి ఎరుపు, పంచమానికి నీలం, ధైవతానికి ఆకుపచ్చ.

ఇంత లెక్క కుదిరిన తరువాత, ముందుగా ఒక ప్లైవుడ్ పలక మీద పల్లవిని చిన్న ముక్కలతో పేర్చి చూశాను. అది స్నానాల గది గోడలా వచ్చింది. స్వరలిపి ప్రకారం ఒక్క గడి కూడా తప్పలేదు, అయినా అందులో సంగీతం లేదు. మా శిష్యురాలు ఒకతె చాలాసేపు దానివైపు చూసి, "ఇందులో పాట ఎక్కడుంది టీచర్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఇది రంగుల ఎంపికలో వచ్చిన లోపమా, లేక సంగీత రచనను రాళ్లలోకి తేవడమనే ఆలోచనలోనే లోపం ఉందా? ఈ రెండు విద్యలలో దేనిలో అనుభవమున్నవారైనా దయచేసి చెప్పగలరు.

గాత్రం

లోపం మీ రంగులలో లేదండి. స్వరానికి ఒక రంగు అన్న సూత్రంలో ఉంది. గ్రహభేదం, అంటే అవే స్వరాలలో వేరొకదాన్ని షడ్జమంగా తీసుకోవడం, మీకు తెలిసిన విషయమే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ పలక మీద ఉన్న ఐదు రంగులనూ కదపకుండా, మోహనలోని రిషభాన్ని ఆధారషడ్జమంగా భావించి చదివితే అది మధ్యమావతి అవుతుంది. గాంధారాన్ని షడ్జమం చేస్తే హిందోళం, పంచమాన్ని చేస్తే శుద్ధసావేరి, ధైవతాన్ని చేస్తే శుద్ధధన్యాసి. అంటే మీ పలక ఒకేసారి ఐదు రాగాలకు స్వరలిపి. అది మోహనే అని తేల్చి చెప్పేది ఐదు స్వరాలలో ఏదీ కాదు. వెనుక ఆగకుండా మోగే తంబురా ఆ పని చేస్తుంది. మీ పలకలో లేనిది అదే. షడ్జమానికి మీరు తెలుపు ఇచ్చారు కానీ, ఆ తెలుపు మిగిలిన నాలుగు రంగులలాగే మరొక గడిగా నిలబడిపోయింది.

రెండవ సంగతి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం. మీరు మోహన తీసుకోవడం ఒక విధంగా అదృష్టమనే చెప్పాలి. తోడి తీసుకుని ఉంటే గాంధారానికి ఏ రంగు ఇచ్చేవారు? తోడిలో గాంధారం ఒక మెట్టు మీద కదలకుండా నిలబడే స్వరం కాదు, రిషభ మధ్యమాల నడుమ ఊగుతూ ఉండే ఊపుకే మనం ఆ పేరు పెట్టుకున్నాం. మోహనలోనైనా రిషభ ధైవతాలను మీ వీణ మీద కంపనం లేకుండా మెట్టు మీద వేలు ఉంచి మీటి చూడండి. మీ పలకలో కనిపించిన పొడితనమే వినిపిస్తుంది. చదునైన గడిలో కంపనాన్ని ఎలా చూపాలో నాకు తెలియదు. ఆ మాట గోడపని తెలిసినవారే చెప్పాలి.

తాపీపని

మా కుటుంబం మూడు తరాలుగా మొజాయిక్ పనిలో ఉంది కాబట్టి రాళ్ల వైపు నుంచి రాస్తున్నాను. ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. మన ఇళ్లలో మొజాయిక్ గచ్చు అని పిలిచేది పాలరాతి చిప్స్‌ను సిమెంటులో కలిపి, పోసి, ఆరిన తరువాత మిషనుతో పాలిష్ పట్టేది. అందులో ఏ చిప్పు ఎక్కడ పడుతుందో మేస్త్రీ నిర్ణయించడు. మీరు చేయదలచుకున్నది ఒక్కొక్క ముక్కనూ చేతితో కోసి, దాని చోటు ఎరిగి పెట్టే పని. మా తాతగారు మొదటిది మాత్రమే చేశారు. నేను రెండవది నేర్చుకోవడానికి ఇటలీలోని రవెన్నాకు ఒకసారి వెళ్లి వచ్చాను.

గాత్రం గారు తంబురా గురించి రాసింది చదవగానే నాకు తట్టినది ముక్కకూ ముక్కకూ మధ్య ఉండే జాయింటు. మొజాయిక్ పని కొత్తగా చూసేవారు ముక్కలనే చూస్తారు, పని చేసేవారు జాయింటును చూస్తారు. ఒకే రకం ముక్కలను ఒకే అమరికలో రెండు పలకల మీద పేర్చి, ఒకదాని జాయింట్లలో తెల్ల సిమెంటు, రెండవదాని జాయింట్లలో ముదురు బూడిదరంగు నింపి చూడండి. మొదటిదానిలో రంగులన్నీ వెలవెలబోతాయి, రెండవదానిలో అవే రంగులు వెలిగిపోతాయి. గోడలో ఏ మూల చూసినా, ఏ రెండు ముక్కల మధ్య చూసినా కనిపించేది జాయింటు ఒక్కటే. కాబట్టి షడ్జమాన్ని గడులలో ఒకటిగా కాక జాయింటు రంగుగా పెట్టండి. స్వరంగా షడ్జమం వచ్చిన చోట కూడా అదే రంగు ముక్క వాడితే, వరుస ఆ చోట నేలలో కలిసిపోయి, మళ్లీ పైకి లేచినట్లు ఉంటుంది. తంబురాతో గొంతు కలిసిపోయే క్షణం అలాగే కదా ఉంటుంది.

ఇక కంపనం. రవెన్నాలో గాలా ప్లాచిదియా సమాధి మందిరం 5వ శతాబ్దానిది, సాన్ విటాలే చర్చిని 547లో ప్రతిష్ఠించారు. అక్కడి బంగారు ముక్కలంటే రెండు గాజు పొరల మధ్య బంగారు రేకును బిగించినవి. పుస్తకంలోని ఫోటోలో చూస్తే అవి ఒకే పసుపు రంగుగా కనిపిస్తాయి. అక్కడ నిలబడి తల కొంచెం కదిపితే గోడంతా కదులుతుంది, ఎందుకంటే ఆ పనివారు ముక్కలను చదునుగా అదమలేదు. తడి సున్నంలో ఒక్కొక్కదాన్నీ ఒక్కొక్క వాలుతో, కావాలని వంచి నిలిపారు. నూనెదీపాలు, కొవ్వొత్తుల వెలుగులో ఒక ముక్క మెరిసి ఆరిపోయే లోపల పక్కది మెరుస్తుంది. రంగు మారదు, స్థానం మారదు, అయినా ముక్క నిలకడగా ఉండదు. గమకానికి రాతిలో ఇంతకంటే దగ్గరి పోలిక నాకు తెలియదు. మీ రిషభ ధైవతాలను వాలుగా పెట్టండి, పంచమాన్ని రసమట్టం పెట్టి చదునుగా ఉంచండి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, గడుల లెక్క. ప్రతి మాత్రకూ సమానమైన గడి పెట్టడం వల్లనే మీకు స్నానాల గది వచ్చింది. జతిస్వరంలో ఒక స్వరం నాలుగు మాత్రలు నిలిచే చోట నాలుగు ఎర్ర గడులు పక్కపక్కన పెట్టారనుకుంటాను. చూసేవారికి అది గాంధారాన్ని నాలుగుసార్లు మీటినట్లు ఉంటుంది, నిలిపినట్లు ఉండదు. కార్వైకి, అంటే నిలిపిన స్వరానికి, కోయని పొడుగు ముక్క పెట్టండి: నాలుగు మాత్రలకు 12 అంగుళాలది ఒకటే. రెండో కాలం వచ్చిన చోట అంగుళంన్నర ముక్కలు పెట్టండి. అప్పుడు వేగం కంటికి తెలుస్తుంది. ముక్కల వరుసలు సాగే తీరును ఇటలీ పనివారు 'ఆందామెంతో' (andamento) అంటారు; మన మాటలో నడక. తాళంలో మీరు తిస్ర నడక, ఖండ నడక అనడానికి కూడా ఇదే మాట వాడతారు కదా!

ఒక సలహా కూడా ఇస్తున్నాను. అరక దున్నినట్లు, ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తరువాతి వరుస కుడి నుంచి ఎడమకు నడిపిస్తే కన్ను ఎక్కడా తెగకుండా రచన మొత్తం ఒకే తీగగా సాగుతుంది.

గాత్రం

తాపీపని గారి మాటలు చాలా విలువైనవి. జాయింటే శ్రుతి అన్న ఆలోచనతో ఈ ప్రశ్నకు సగం సమాధానం వచ్చేసింది. అయితే చివరి సలహా ఒక్కటి వద్దు. ఆవర్తనం అంటే తిరిగి సమానికి, అంటే తాళం మొదలయ్యే చోటికి, చేరడం. 16 వరుసలలోనూ సమం ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి నిలువుగా నిలబడాలి. అరక తిప్పినట్లు తిప్పితే రెండవ వరుస సమం కుడి చివరకు పోతుంది, ద్రుతాలు (చివరి రెండేసి అక్షరాల భాగాలు) లఘువు (మొదటి నాలుగు అక్షరాల భాగం) స్థానంలోకి వస్తాయి. కన్ను వరుస చివర తెగి మళ్లీ ఎడమకు రావడమే తాళం. ఆ తెగింపును దాచకండి. పైగా లఘువు ముగిసే చోట, అంటే 16వ మాత్ర తరువాత, మొదటి ద్రుతం ముగిసే 24వ మాత్ర తరువాత జాయింటును కొంచెం వెడల్పు చేస్తే, చూసేవారి చేయి తనంతట తానే తాళం వేస్తుంది.

వెనుక నుంచి ముందుకు నడిపించడమే మీకు ఇష్టమైతే దానికి మన సంప్రదాయంలో వేరే దారి ఉంది. ముత్తుస్వామి దీక్షితుల వారి 'శ్రీ విశ్వనాథం' చతుర్దశ రాగమాలికలో 14 రాగాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చి, చివర విలోమంగా, భూపాలం నుంచి శ్రీరాగం వరకు, చిన్న చిన్న స్వరఖండాలుగా తిరిగి వస్తాయి. అక్కడ తిరగబడేది రాగాల వరుస, తాళం కాదు. ఆ కృతిని వినేటప్పుడు నాకు ఎప్పుడూ రంగురాళ్ల హారాన్ని రెండు కొసలనుంచీ చూసిన అనుభూతి కలుగుతుంది.

బెర్న్ తెలుగు

ఉద్యోగరీత్యా స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాను. ఇక్కడి బెర్న్ కళా మ్యూజియంలో ఉన్న ఒక చిత్రం మీ ప్రశ్నకు సరిగ్గా సంబంధించినది కాబట్టి రాస్తున్నాను. పాల్ క్లే చిత్రకారుడే కాక చేయి తిరిగిన వయొలిన్ వాద్యకారుడు. తండ్రి సంగీత ఉపాధ్యాయుడు, భార్య పియానో వాద్యకారిణి. ఆయన 1926లో రవెన్నా వెళ్లి తాపీపని గారు చెప్పిన ఆ మొజాయిక్‌లనే చూశాడు. 1932లో 'ఆడ్ పర్నాసుమ్' చిత్రం గీశాడు. ఆ పేరు ఫుక్స్ 1725లో ప్రచురించిన బహుస్వర రచనాపాఠం 'గ్రాదుస్ ఆడ్ పర్నాసుమ్'ను గుర్తుకు తెస్తుంది. అది రాళ్ల పని కాదు, కాన్వాస్ మీద రంగులే, వెడల్పు 126 సెంటీమీటర్లు, ఎత్తు ఒక మీటరు. కానీ అడుగున పెద్ద పెద్ద చతురస్రాల పలుచని రంగులు ఒక పొరగా, వాటి మీద మొజాయిక్ ముక్కల్లాంటి వేల చిన్న చుక్కలు మరొక పొరగా ఉంటాయి. పై పొర కింది పొర గడుల హద్దులను పట్టించుకోకుండా తన దారిన తాను పోతుంది. దూరం నుంచి ఒక కొండ, దాని మీద నారింజరంగు సూర్యుడు. దగ్గరకు వెళితే రెండు గొంతులు ఒకేసారి వేర్వేరు నడకలలో పాడుతున్నట్లు ఉంటుంది. ఈ చిత్రంలో ఒక్క వాద్యం బొమ్మ కూడా లేదన్నది గమనించవలసిన విషయం.

సంగీతాన్ని బొమ్మగా చూపే మొజాయిక్‌లు ప్రాచీన కాలం నుంచీ ఉన్నాయి. సిరియాలోని హమా మ్యూజియంలో మరియమీన్ గ్రామం నుంచి తెచ్చిన 4వ శతాబ్దపు గచ్చు మీద ఒక వాద్యబృందం మొత్తం ఉంది. ఒకామె ఆర్గాన్ వాయిస్తుంటే ఇద్దరు పిల్లలు తిత్తులు తొక్కుతుంటారు, మరొకామె బల్ల మీద వరుసగా పెట్టిన గిన్నెలను పుల్లలతో వాయిస్తుంది, అచ్చం మన జలతరంగంలాగా. అది చాలా అందమైన పని, కానీ దానిలో వాద్యాలున్నాయే తప్ప రచన లేదు. మీరు అడుగుతున్నది రెండవదాని గురించి.

సంగీతం వైపు నుంచి కూడా రెండు ప్రయత్నాలు చెప్పుకోవాలి. అమెరికా స్వరకర్త హెన్రీ కవెల్ 1935లో రాసిన మూడవ స్ట్రింగ్ క్వార్టెట్ పేరే 'మొజాయిక్'. అందులోని ఐదు భాగాలను వాద్యకారులు తమకు నచ్చిన వరుసలో వాయించుకోవచ్చు. ఈ కవెల్ మన సంగీతం మీద ఆసక్తితో మద్రాసు వచ్చి, తన 13వ సింఫొనీకి ఆ నగరం పేరే పెట్టాడు. రెండవది స్ట్రావిన్‌స్కీ రచన 'కాంటికుమ్ సాక్రుమ్'. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి లోపలి గోడలు, గుమ్మటాలు 8,000 చదరపు మీటర్లకు పైగా బంగారు నేల మొజాయిక్‌తో నిండి ఉంటాయి. ఆ గుమ్మటాలు ఐదు. ఆ రచనలో ఐదు భాగాలున్నాయి, ఐదవది దాదాపుగా మొదటిదాన్ని వెనుక నుంచి ముందుకు వాయించినట్లు ఉంటుంది. 1956 సెప్టెంబరు 13న ఆ చర్చిలోనే తొలిసారి ప్రదర్శించారు. గాత్రం గారు చెప్పిన విలోమం నాకు వెంటనే దీన్నే గుర్తుకు తెచ్చింది.

మూసీ ఒడ్డు

ఇంత దూరం వెళ్లే వీలు అందరికీ ఉండదు కాబట్టి హైదరాబాదు పాతబస్తీలోని బాద్‌షాహీ అషుర్‌ఖానా చూడమని చెబుతాను. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన ఆ మందిరం గోడలకు, 1611 నాటికి, ఇరాన్ పద్ధతిలో రంగు పలకలను కోసి కూర్చిన తాపడం పూర్తయింది. 1908 మూసీ వరదలో దానికి నష్టం జరిగినా, మిగిలినది ఈనాటికీ కళ్లు చెదిరేలా ఉంది. అది మొహర్రం రోజులలో కర్బలా అమరులను తలచుకుంటూ మర్సియాలు చదివే చోటు. దాన్ని కట్టించిన సుల్తానే దక్కనీలో మర్సియాలు రాసిన కవి. ఒంటరిగా వెళ్లినప్పుడు నాకు ఆ గోడ ఒక అలంకారంగానే కనిపించింది. మజ్లిస్ (ఆ సంతాప సభ) జరుగుతుండగా అదే గోడ ముందు నిలబడినప్పుడు, ఒకే షడ్భుజి ఆకారం వరుసలు వరుసలుగా తిరిగి రావడానికీ, అందరూ కలిసి అందుకునే చరణం తిరిగి రావడానికీ తేడా తెలియలేదు. అందుచేత మీ జతిస్వరంలో పల్లవి ప్రతి చరణం తరువాతా తిరిగి వస్తుందన్న సంగతిని గోడ మీద ఎలాగైనా చూపాలని నా అభిప్రాయం.

గోదావరి వీణ

ఇంత శ్రద్ధగా సమాధానాలు రాసిన అందరికీ నా కృతజ్ఞతలు. మూడు వారాలు ఆగి, చేసి చూసిన తరువాతే రాస్తున్నాను.

ఈసారి ప్లైవుడ్ బదులు సిమెంటు పలక తీసుకుని పల్లవిలో రెండు ఆవర్తనాలు మాత్రమే పేర్చాను. షడ్జమానికి ముదురు బూడిదరంగు, జాయింటుకు అదే రంగు. కార్వైలకు పొడుగు ముక్కలు, రెండో కాలానికి సగం ముక్కలు. 16వ, 24వ మాత్రల తరువాత జాయింటు వెడల్పు చేశాను. ఇందులో పాట ఎక్కడుందని అడిగిన అమ్మాయినే పిలిచి, ఏమీ చెప్పకుండా పలక ముందు కూర్చోబెట్టాను. కాసేపటికి ఆమె కుడిచేయి తొడమీద తాళం మొదలుపెట్టింది. స్వరాలు గుర్తు పట్టలేదు, రంగుల పట్టిక ఆమెకు ఇంకా చెప్పలేదు. అయినా ఎక్కడ నిలవాలో, ఎక్కడ పరుగెత్తాలో తెలిసింది.

వాలు విషయంలో ఒక ఇబ్బంది వచ్చింది. రిషభ ధైవతాల ముక్కలు ఒక అంచున పైకి లేచి ఉండడం వల్ల ఒక పిల్లవాడి వేలు గీసుకుపోయింది. తాపీపని గారికి రాసి అడిగితే, లేచిన అంచును సానరాయితో గుండ్రంగా రుద్ది ఆ తరువాతే అతికించాలని, మెరుగు పూసిన టైల్స్‌కు వాలు చాలా తక్కువ ఇచ్చినా చాలునని చెప్పారు. ఆ విధంగానే చేస్తున్నాం. సాయంత్రం ఎండ వసారాలోకి ఏటవాలుగా పడే అరగంటలో పసుపు, ఆకుపచ్చ ముక్కలు మాత్రమే కదులుతున్నట్లు కనిపిస్తాయి, నీలం కదలదు. తారస్థాయి స్వరాలను వరుసలో కొద్దిగా పైకి, లేత ఛాయలో, మంద్రస్థాయి స్వరాలను కొద్దిగా కిందికి, ముదురు ఛాయలో పెడుతున్నాను. అందువల్ల వరుస గీత గీసినట్లు కాక, పైకి కిందికి సాగుతోంది.

పల్లవి తిరిగి రావడం గురించి మూసీ ఒడ్డు గారు చెప్పినదానికి గోడ మీద చోటు చాలలేదు. ప్రతి చరణం తరువాతా పల్లవిని మళ్లీ పేర్చాలంటే గోడ ఎత్తు ఇంకా 3 అడుగులు కావాలి. అందుకని గాజు ముక్కలను పల్లవి వరుసలకు మాత్రమే వాడుతున్నాను, మిగిలినవన్నీ మెరుపు తక్కువ టైల్స్. చరణం చదవడం ముగించిన కన్ను తనంతట తాను పైనున్న గాజు దగ్గరకు వెళుతుందని ఆశిస్తున్నాను. అది నిజమో కాదో గోడ పూర్తయితే గాని తెలియదు.

ఒక విషయం మాత్రం నేను ముందుగా ఊహించలేదు. స్వరలిపి పై నుంచి కిందికి రాస్తాం, గోడ పని మాత్రం బరువు ఆనాలి కాబట్టి కింది నుంచి పైకి సాగాలి. అందువల్ల మూడవ చరణం చివరి ఆవర్తనం ముందుగా గోడ ఎక్కింది. పిల్లలు ఏ రోజు పేర్చే ఆవర్తనాన్ని ఆ రోజు పాడి, వాయించి, ఆ తరువాతే తాపీ పట్టుకోవాలని నియమం పెట్టాను కాబట్టి, వాళ్లు నా జతిస్వరాన్ని చివరి నుంచి మొదటికి నేర్చుకుంటున్నారు. ఇప్పటికి ఐదు వరుసలయ్యాయి. పల్లవి వాళ్లకు ఇంకా నేర్పలేదు.